కషాయం నుంచి టింక్చరు దాకా: మూలికాద్రవాల పేర్లలో చరిత్ర

మొక్కల సారాన్ని ద్రవరూపంలో తీసే మందులకు తెలుగులో పసరు, కషాయం, అరిష్టం, టింక్చరు అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది దేశ్యం, తరువాతి రెండూ తత్సమాలు, చివరిది అన్యదేశ్యం. ఈ తేడా పదజాలానికే పరిమితం కాదు. మందును ఎవరు తయారు చేయవచ్చు, అందులో మద్యానికి చోటెంత అన్న ప్రశ్నల చరిత్ర ఈ పేర్లలో ఉంది.

పచ్చి ఆకును నూరి పిండితే వచ్చేది పసరు. పచ్చదనాన్ని తెలిపే మాటల కుదురుకు చెందినదే ఈ పదం. శాస్త్రం దీనిని స్వరసం అంది. ఇది నిలవ ఉండదు కనుక అప్పటికప్పుడు వాడాలి. కషాయానికి శార్ఙ్గధర సంహిత ఒక వంతు మూలికకు 16 వంతుల నీరు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచమంటుంది. సంస్కృతంలో కషాయమంటే వగరు రుచి, కాచిన మందు, ఎరుపు కలిసిన రంగు. ఆ రంగు అద్దిన వస్త్రమే కాషాయం.

మందు, రంగు అనే ఈ రెండర్థాలూ బౌద్ధభిక్షువు జీవితంలో కలుస్తాయి. విశాఖపట్నం మధురవాడ పరిసరాల్లోని తొట్లకొండ, బావికొండ విహారాలు ఆ జీవితానికి ఆనవాళ్లు. పాళీ వినయపిటకంలోని మహావగ్గ వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయల నుంచి తీసిన రంగులతో చీవరాలు అద్దుకోవచ్చంటుంది. వేప, కొడిసెపాల, కానుగ కషాయాలను మందుగా అనుమతిస్తుంది. వాతరోగానికి నూనెలో మద్యం కలపవచ్చు గాని, దాని రంగు, వాసన, రుచి తెలియకూడదన్నది నియమం. మద్యం మోతాదు మించిన నూనెను ఒంటికి పూయడానికే వాడాలి. ఇది ఒక విహారానికి చెందిన కట్టుబాటు కాదు, సంఘానికంతటికీ ఉద్దేశించిన నియమం.

అరిష్టంలో మద్యం బయటి నుంచి రాదు. కషాయంలో బెల్లం, తేనె, ధాతకీ పుష్పాలు వంటివి చేర్చి కుండ మూసి ఉంచితే, పులిసి అది లోపలే పుడుతుంది. మూలికల సారాన్ని లాగేదీ, మందును నిలవ ఉంచేదీ ఆ మద్యమే. కాచకుండా పులియబెడితే ఆసవం. అరిష్టమంటే హాని లేనిదని అర్థం. విచిత్రంగా ఆయుర్వేదంలోనే అది మరణసూచక లక్షణానికీ పేరు. తెలుగు వాడుకలో కీడు అనే అర్థమే బలపడింది.

టింక్చరు అనే మాటకు మూలం రంగు అద్దడాన్ని తెలిపే లాటిన్ ధాతువు. ఆ విధంగా అది కషాయానికి అర్థంలో దగ్గరి చుట్టం. తయారీలో మాత్రం దూరం. మూలికను బట్టీలో తీసిన మద్యంలో నానబెట్టి దీనిని చేస్తారు. 1859లో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను నమోదు చేసింది. 1868 నాటి ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’లో నేలవేము టింక్చరుకు చోటు దక్కింది. మరుసటి ఏడు మొహిదీన్ షరీఫ్ ఆ గ్రంథానికి రాసిన అనుబంధం తెలుగుతో సహా దేశభాషల్లో మందుల పేర్లనిచ్చింది. మొక్కా, దాని పేరూ ఊరివే. ద్రావకం మాత్రం ప్రభుత్వ సుంకం చెల్లించవలసిన సరుకు.

మద్యం కలిసిన ఔషధాలపై సుంకానికి 1955లో వచ్చిన కేంద్రచట్టం, తనంతట మద్యం పుట్టే ఆయుర్వేద ఔషధాలను మామూలు మద్యంలా తాగడానికి వీలైనవి, కానివి అని విభజించింది. జీఎస్టీ రావడంతో 2017లో ఆ చట్టం రద్దయింది. మహావగ్గది శీలపరమైన ఆందోళన, చట్టానిది ఆదాయపరమైనది. పరీక్ష మాత్రం రెండింటిలోనూ ఒకే తీరు: మందు ముసుగులో మద్యం ఉన్నదా?

ఈ చరిత్రకు తెలుగు క్రియలే సాక్ష్యం. పసరు పిండుతారు, కషాయం కాస్తారు. ఇవి తయారీని చెప్పే మాటలు. అరిష్టం కొని తాగుతారు. టింక్చరు పూస్తారు, అదీ సాధారణంగా గాయానికి వాడే అయోడిన్ మందునే. ఇంట చేయని మందుకు ఇంటిభాషలో తయారీ క్రియ ఏర్పడలేదు. కనుక మూలికావైద్య పదకోశాలు పేర్లతో పాటు వాటితో కలిసి వచ్చే క్రియలనూ నమోదు చేయాలి. ఏ జ్ఞానం ఇంటి చేతిలో మిగిలిందో, ఏది చేజారిందో తెలిపేవి అవే.