అగ్నిగర్భమున పుట్టిన శిల

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలోని గుట్టలను చూచి, “ఇవి ఒకనాటి అగ్నిపర్వతములే కదా!” అని అడుగువారు తరచుగా కనిపింతురు. జీర్ణోద్ధరణ పనుల సందర్భమున మా గుట్టకు విచ్చేసిన దాతలు కొందరు నల్లని బండలను చూపి ఈ మాటయే అడిగినారు. చల్లారిన అగ్నిపర్వతముపై స్వామి వెలసినాడని సంచికలో ప్రచురించినచో క్షేత్రమహిమ ఇనుమడించునని ఒక పెద్దమనిషి సలహా కూడ ఇచ్చినారు. స్వామి మహిమకు లేని అగ్నిపర్వతమును కల్పింపనక్కరలేదు. ఉన్న చరిత్రయే చాలును.

మన కాలిక్రింద ఉన్నది గ్రానైటు. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూవిజ్ఞానులు నిర్ణయించినారు. ఇదియు ఒకప్పుడు కరగిన శిలాద్రవమే. అయితే అది పైకి చిమ్మినది కాదు. నేలకు కొన్ని కిలోమీటర్ల లోతున, పైపొరల బరువు క్రింద, అతినెమ్మదిగా చల్లారినది. నెమ్మదిగా చల్లారుటవలననే అందులోని స్ఫటికములు కంటికి కనిపించునంతగా ఎదిగినవి. ముఖమండపములోని పాత స్తంభమును ఒకమారు దగ్గరగా పరికింపుడు. తెల్లని పలుగు, గులాబి వన్నె ఫెల్డ్‌స్పార్, మిలమిలలాడు నల్లని అభ్రకపు పొరలు వేర్వేరుగా కానవచ్చును. పైకి పొంగి గాలి సోకిన లావా త్వరగా గడ్డకట్టును గనుక దాని రేణువులు కంటికానవు. పైనున్న పొరలు యుగయుగములుగా అరిగిపోగా ఈ రాయి బయటపడి, ఎండవానలకు ఉల్లిపొరలవలె పెచ్చులూడి, నేడు మనము చూచు గుండ్లుగా మారినది.

మరి నల్లబండల మాట ఏమి? ఇక్కడ అడిగినవారి ఊహలో కొంత సత్యము కలదు. గ్రానైటు గట్టిపడిన పిమ్మట దానిలో నిలువు చీలికలు ఏర్పడగా, భూగర్భమునుండి మరియొక శిలాద్రవము వాటిలోనికి ఎగబ్రాకి చల్లారినది. ఇదియే డోలరైట్. హైదరాబాదు పరిసరములలో ఇట్టివి పొడవైన నల్లని గోడలవలె సాగిపోవుచుండును. వాటిలో కొన్ని 200 కోట్ల ఏండ్లకు పైబడినవి. ఆ చీలికలలో ఏదైన ఒకటి ఆనాటి నేలపైకి తెరచుకొనియుండవచ్చును గాని, ఆ నేలయే నేడు లేదు. కనుక శిఖరము, అగ్నిముఖము వెదకుట వ్యర్థము.

వ్యాపారులు నల్ల గ్రానైటు అని అమ్మునది చాలవరకు ఈ డోలరైటే. దీని రేణువులు సన్ననివి, గట్టివి. ఉలితో తట్టినప్పుడు గంటవలె మ్రోగును. శిల్పశాస్త్రములు ధ్వనినిబట్టి శిలలను పురుష, స్త్రీ, నపుంసక శిలలని విభజించి, మ్రోగు శిలను మూర్తికి విధించినవి. భూవిజ్ఞానము పుట్టకముందే స్థపతి చెవి ఈ భేదమును పట్టుకొన్నది.

నిజముగా లావా నేలను చూడగోరువారు పడమరగా వికారాబాదు వెళ్లవలెను. అనంతగిరి కొండలు సుమారు 6.6 కోట్ల ఏండ్లనాడు దక్కను పీఠభూమిని ముంచెత్తిన లావా పొరల అంచున ఉన్నవి. ఆ లావా కూడ ఒక కొండకొననుండి గాక, ప్రధానముగా నేల చీలికలనుండి పొంగినది. అనంతపద్మనాభస్వామి సన్నిధిలో, ఆ లావా సీమలో పుట్టిన మూసీ నది మన గ్రానైటు నేలపైకి ప్రవహించుచున్నది.

తెలంగాణ పల్లెలలో బుడగలు బుడగలుగా, తేలికగా, కాలినట్లుండు రాళ్లు దొరికినప్పుడు కూడ జనులు లావా అని భ్రమింతురు. అవి పెక్కుచోట్ల పూర్వులు ఇనుము కాచిన కొలుముల చిట్టెము. 1818లో లాంబ్టన్ దొర సర్వే బృందమున చేరిన వైద్యుడు, భూవిజ్ఞాని హెన్రీ వాయిసీ హైదరాబాదు రాజ్యపు శిలలను పరిశీలించుటయే గాక, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో ఉక్కు చేయు విధానమును గూర్చి కూడ వ్రాసినాడు. అతడు 1824లో మరణించెను.

శామీర్‌పేటకు ఆగ్నేయమున ఉన్న కీసరగుట్టను ఇక్కడ తలపకుండుట భావ్యము కాదు. విష్ణుకుండినుల కాలపు కోటగోడలు, ఇటుక కట్టడములు అచట బయల్పడినవి. ఆంజనేయుడు విసరివేసెనని స్థలపురాణము చెప్పు లింగములు గుట్టయంతట కానవచ్చును. అచటి బండపై “తొలుచువాండ్రు” అను తెలుగు మాట చెక్కియున్నది. 5వ శతాబ్దిదిగా పండితులు భావించు ఆ మాటకు రాతిని తొలుచువారని అర్థము. రాజుల బిరుదులు కాదు, శిల్పుల పేరు! తెలంగాణలో లభించిన మిక్కిలి పాత తెలుగు మాటలలో ఇది యొకటి.

నల్లరాతి గోడలకు మరియొక గుణము కలదు. అవి భూగర్భజలమునకు అడ్డుకట్టలవలె పనిచేయును. ఎగువ ప్రక్కనున్న బావులలో నీరు నిలుచును. క్వారీకై అట్టి గోడను కోసినచోట నీటిదారి మారును. మన కోనేరు అట్టి నల్లబండల వరుసకు ఎగువనే ఉన్నది. ప్రాకారమునకు రాతిని ఆ వరుసనుండియే తీసినచో రవాణా వ్యయము మిగులునని మొదట ఒక ఆలోచన వచ్చినది. పలుమార్లు చర్చించి దానిని విరమించి, రాతిని బయటినుండి తెప్పించినాము. పాత స్తంభములకు రంగులు వేయింతుమన్నవారికి నచ్చజెప్పి, తరతరాల సున్నపు పూతను మాత్రము తొలగించినాము. ఇందువలన అంచనాకు మించిన వ్యయమును సంతోషముతో భరించిన దాతల నామావళి తరువాతి పుటలలో కలదు.