థ పొట్టలో చుక్క

ఎనిమిదేళ్ళ కిందట ఒక పాత నవల మీద సమీక్ష రాశాను. కోఠీ ఫుట్‌పాత్ మీద ముప్పై రూపాయలకి దొరికిన 1960ల నాటి ముద్రణ అది. నవల గురించి ఏదో బాగానే రాశాననుకుంటాను గానీ, చివర్లో ఊరుకోలేక ఒక చెణుకు విసిరాను. "పుస్తకమంతా 'అర్థం' ఉండాల్సిన చోట 'అర్ధం' అని పడింది. అర్థానికీ సగానికీ తేడా తెలియని కంపోజిటర్ల చేతిలో పడితే ఏ రచయితకైనా ఇదే గతి" అని. రాసినప్పుడు చాలా గడుసుగా రాశాననిపించింది.

నాన్న దాన్ని ప్రింటు తీయించి విజయవాడలో తాతయ్యకి ఇచ్చాడు. మనవడు రాసింది కదా, చదువుకుంటాడని. తాతయ్య నలభై ఎనిమిదేళ్ళు కంపోజిటర్‌గా పనిచేసిన మనిషి. ఆ సంగతి నాకు తెలియక కాదు, రాసేటప్పుడు గుర్తు రాలేదు. 'కంపోజిటర్' అంటే పుస్తకాల వ్యాసాల్లో అచ్చుతప్పులకి బాధ్యుడు. ఇంట్లో ఉన్నది తాతయ్య. ఈ ఇద్దరూ ఒకరేనని నా బుర్రకి తట్టలేదు.

తర్వాత సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన కోప్పడలేదు. ఒకటే అడిగాడు. "ఆ తప్పు ఎన్నో ఫారంలో ఉందిరా?"

నాకు ఫారం అంటే ఏమిటో తెలియదు.

తాతయ్య పుట్టింది 1932లో, గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో. పదమూడో ఏట గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో చేరాడు. అప్పటికి అది బెజవాడ. మొదటి ఏడాదంతా చీపురు పట్టుకోవడం, నేల మీద రాలిన టైపు ఏరడం, అచ్చయిపోయిన పేజీల్ని విప్పి ఏ అక్షరం గడిలో ఆ అక్షరం వేయడం. కంపోజింగు ముట్టుకోనివ్వలేదు. "గళ్ళు చేతికి తెలియాలి, కంటికి కాదు" అనేవాడు. ఇంగ్లీషువాడికి పెద్ద అక్షరాలకి ఒక కేసు, చిన్నవాటికి ఒక కేసు ఉంటే పని జరిగిపోతుంది. మనకి అలా కుదరదు. తాతయ్య పనిచేసిన ప్రెస్సులో తలకట్టుతో క ఒక గడి, గుడితో కి ఇంకో గడి, కీ మరొకటి, వత్తులన్నీ వేరే. వందల గళ్ళు. వాటి మధ్య నిలబడి ఎడంచేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో చూడకుండా ఏరుకోవాలి. టైపు ఒంటిమీద ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు బొటనవేలికి తగిలితే అక్షరం సరైన వైపు తిరిగి ఉన్నట్టు.

స్టిక్కులో అక్షరాల్ని అద్దంలో చూసినట్టు కుడి నుంచి ఎడమకి చదవాలని నేను అనుకునేవాణ్ణి. కాదట. ఎడమ నుంచి కుడికే, కాకపోతే తలకిందులుగా. దీనివల్ల తాతయ్యకి ఒక దుర్గుణం అబ్బింది. ఏ ఆఫీసుకి వెళ్ళినా బల్లకి అవతల కూర్చున్నవాళ్ళ ముందున్న కాగితాలన్నీ చదివేసేవాడు. బ్యాంకులో లోను ఇవ్వరని మేనేజరు నోరు తెరవక ముందే తెలిసిపోయేది.

ఈ సీసపు అక్షరాల చరిత్ర మనవాళ్ళు రాసుకోకపోలేదు. 1746లో జర్మనీలోని హాలే పట్నంలో షుల్ట్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1814లో శ్రీరాంపూర్‌లో కేరీ తెలుగు వ్యాకరణం, 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1852లో బ్రౌను నిఘంటువు. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు ప్రెస్సు పెట్టారు. 1874లో వీరేశలింగం 'వివేకవర్ధని'. ఏ వ్యాసం తీసినా ఈ మెట్ల మీదుగానే నడుస్తుంది, నేనూ ఒకసారి నడిచాను. అందరూ రాసినవాళ్ళూ, వేయించినవాళ్ళూ. బెంగాలీలు మాత్రం 1778 నాటి హాల్‌హెడ్ వ్యాకరణానికి అక్షరాలు చెక్కిన పంచానన్ కర్మకార్‌ని పేరు పెట్టి తలుచుకుంటారు. కమ్మరి కుటుంబం ఆయనది. మన పుస్తకాల చివర ముద్రణ ఫలానా ప్రెస్సు, ఫలానా పేట అని ఉంటుంది. ఆ ప్రెస్సులో నిలబడ్డవాళ్ళ పేర్లుండవు. నలభై ఎనిమిదేళ్ళలో తాతయ్య పేరు అచ్చయింది మా మేనత్తల పెళ్ళి శుభలేఖల మీదే. వాటిని కంపోజు చేసిందీ ఆయనే.

ఇక ఫారం. ఒక పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చుపడే పేజీల కట్ట. మామూలు సైజు పుస్తకానికి పదహారు పేజీలు ఒక ఫారం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది, పాత పుస్తకాలు చూస్తే కనిపిస్తుంది. నేను వందల పుస్తకాల్లో దాన్ని చూసి పట్టించుకోలేదు. అసలు కిటుకు ఏమిటంటే, పుస్తకం మొత్తానికి సరిపడా టైపు ఏ చిన్న ప్రెస్సులోనూ ఉండదు. ఒకటో రెండో ఫారాలు కంపోజు చేసి, ప్రూఫు దిద్ది, అచ్చువేసి, వెంటనే ఆ పేజీలు విప్పేసి అవే అక్షరాలతో తర్వాతి ఫారం మొదలుపెట్టాలి. రచయిత పన్నెండో ఫారం ప్రూఫు చూస్తూ మూడో ఫారంలో తప్పు పట్టుకుంటే, ఆ మూడో ఫారం అప్పటికి లోకంలో లేదు. కాగితం మీద మాత్రమే ఉంది. పాత పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక ఎందుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. అంతకు ముందు అది రచయితల వినయం అనుకునేవాణ్ణి.

1955 మధ్యంతర ఎన్నికలప్పుడు మూడు వారాలు ఇంటికి రాలేదని మామ్మ ఇప్పటికీ చెబుతుంది. పొద్దున కమ్యూనిస్టుల కరపత్రం, సాయంత్రం కాంగ్రెసు వాళ్ళది. వాళ్ళని వీళ్ళు తిట్టిన తిట్లు విప్పి, వీళ్ళని వాళ్ళు తిట్టిన తిట్లు పేర్చేవాడు. "ద్రో ఒక్కటే తక్కువొచ్చేదిరా, రెండు పార్టీలకీ ద్రోహులు కావాలి."

టైపు లోహంలో ఎక్కువ భాగం సీసం. గట్టిదనానికి యాంటిమొని, కొంచెం తగరం కలుపుతారు. సీసం ఒంటికి మంచిది కాదని ప్రెస్సులో ఎవరూ పాఠం చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క తినేవాళ్ళు, విరుగుడని నమ్మకం. తాతయ్య ఇంటికొచ్చాక కిరసనాయిలుతో ఒకసారి, కుంకుడు రసంతో ఒకసారి చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు. నాన్నకి ఐదేళ్ళప్పుడు పరుగెత్తుకెళ్ళి కాళ్ళకి చుట్టుకుంటే ఒక దెబ్బ వేశాడట. జీవితంలో కొట్టింది ఆ ఒక్కసారే అంటాడు నాన్న. ఇద్దరు కొడుకుల్లో ఎవర్నీ ప్రెస్సు గడప తొక్కనివ్వలేదు. మనవలు ఇంజనీరింగు చదివితే మురిసిపోయాడు. తన పని మీద గౌరవం లేక కాదు. ఆ పనిలో ఆయన మేటి అనీ, ఆ సంగతి ఆయనకి తెలుసుననీ నేను చెప్పగలను. అయినా పిల్లలకి వద్దనుకున్నాడు. ఈ రెండిటినీ ఎలా కలుపుకోవాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

1993లో ఆ ప్రెస్సులోకి కంప్యూటరు వచ్చింది. యజమాని మంచివాడే, నేర్చుకోమన్నాడు. తాతయ్య నాలుగు రోజులు కీబోర్డు ముందు కూర్చుని లేచొచ్చేశాడు. చేతకాక కాదని మామ్మ, చేతకాకేనని తాతయ్య. టైపంతా తూకానికి అమ్మేశారు. మార్కెట్లో సీసానికి ఏ ధర ఉందో ఆ ధర. బస్తాల్లోకి ఎత్తేముందు అన్ని గళ్ళూ ఒకే చోట బోర్లించారట. ఆ చప్పుడు గురించి చెప్పేవాడు గానీ, ఆ రోజు గురించి ఇంకేమీ చెప్పేవాడు కాదు.

ఆ సంక్రాంతికి నవల నా సంచీలోనే ఉంది. భోజనాలయ్యాక తాతయ్య భూతద్దం తీసుకుని వరండాలో వెలుతురున్న చోట కూర్చున్నాడు. గంటన్నర. నేను పక్కన ఫోను చూసుకుంటున్నాను.

"పుస్తకమంతా అని రాశావు. మొదటి ఆరు ఫారాలు సరిగ్గానే ఉన్నాయి. తొంభై ఏడో పేజీ నుంచీ చూడు."

చూశాను. నిజమే. మొదటి తొంభై ఆరు పేజీల్లో 'అర్థం' అర్థంగానే ఉంది. థకీ ధకీ తేడా పొట్టలో ఉన్న ఒక్క చుక్క. ఆ చుక్క ఇసక రేణువంత. ఫారం మీద ఫారం అచ్చువేసిన కొద్దీ ముందు అరిగేది అదేనట. తొంభై ఏడు దాటాక కొన్నిచోట్ల చుక్క మసకగా, కొన్నిచోట్ల భూతద్దంలో చిన్న గరుకులా, తర్వాత పూర్తిగా మాయం. ప్రెస్సులో ఉన్నవి ఆ కాసిని థలే, అన్నీ కలిసి అరిగాయి. కొత్త టైపు కొనాలి. యజమాని కొనలేదు. కంపోజిటర్ థ గడిలోంచి థనే తీసి పేర్చాడు.

"ఈ రెండూ మాత్రం వాడి తప్పే" అన్నాడు మళ్ళీ తనే. 141వ పేజీలో ఒకటి, 150లో ఒకటి. అక్కడ గీతలు పదునుగా ఉన్నాయి, టైపు కొత్తది, అంటే చుక్క అరిగింది కాదు, మొదటినుంచీ లేనిదే. గడి మారింది. "రాత్రిపూట చేసుంటాడు."

నాకు సిగ్గేసింది. నేను సాఫ్ట్‌వేరులో చేసే పనే ఇది, ఒక తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళడం. యూనికోడ్‌లో థ 0సి25, ధ 0సి27, ఎన్ని కోట్లసార్లు వాడినా అరగవు. ఆ లోకంలో బతికేవాణ్ణి కనక అక్షరం అరుగుతుందన్న ఊహే రాలేదు. ఆ వాక్యం తీసేస్తాను తాతయ్యా, నెట్‌లో ఎప్పుడైనా దిద్దుకోవచ్చు అన్నాను. ఆయనకి నచ్చలేదు.

"ముందు ఏముండేదో చదివినవాడికి తెలిసేదెట్లా? పట్టిక వెయ్యి."

వేస్తానన్నాను, వెయ్యలేదు. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది. ఈ వ్యాసం రాయడానికి ముఖ్యకారణం అదే.

2018లో ఒక పెద్ద కంపెనీ ఫోన్లు తెలుగు 'జ్ఞా' వస్తే ఆగిపోతున్నాయని ప్రపంచమంతా గోల అయింది. ఫోను చేసి చెబితే తెగ నవ్వాడు. "జ్ఞ మా దగ్గరా తక్కువేరా. యజ్ఞాల పుస్తకం ఎవడన్నా తెస్తే పక్క ప్రెస్సుకి పంపేవాళ్ళం." నేను జ్ఞ లోపల జ, పొల్లు, ఞ వరసగా మూడు ఉంటాయని చెప్పాను. మూడూ కలిసి ఒక్కటి అవుతాయా అని రెండుసార్లు అడిగాడు. మరి వత్తులకి గళ్ళు అక్కర్లేదన్నమాట అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తాతయ్య 2021 జనవరిలో పోయాడు, ఎనభై ఎనిమిదేళ్ళు. పెద్దకర్మ కార్డు నేనే టైపు చేసి డీటీపీ షాపుకి పంపాను. ప్రూఫు వచ్చాక ఆయన చెప్పినట్టే చివరి మాట నుంచి వెనక్కి చదివాను. అలా చదివితే భావం వెంట పరుగెత్తమట, అక్షరమే కనిపిస్తుందట. రెండు తప్పులు దొరికాయి. ఒకటి మా ఊరి పేరులో. షాపు కుర్రాడు దిద్దాడు. నూటయాభై కార్డులు అచ్చయ్యాక మా పెద్దత్త కళ్ళజోడు సర్దుకుని మూడోది పట్టుకుంది. "ఎవడ్రా వీడు, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని కొట్టాడు" అంది.

నేనే అత్తా అన్నాను.