కరణముగారి లెక్కలు: కోనసీమ పల్లెపాలనలో ఒక మార్పు

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న కోనసీమలో భూమి సయితము ఒకచోట నిలిచియుండదు. వరద వచ్చినపుడు ఒక లంక కోతపడి ఏటిలో కలియును. మరొకచోట క్రొత్త మేట వేయును. అట్టి సీమలో ఈ చేను ఎవరిది, విస్తీర్ణమెంత, శిస్తు ఎంత అను ప్రశ్నలకు చిరకాలము ఒక్కటే సమాధానముండెను: కరణముగారి లెక్క. ఆ లెక్క ఎవరి చేతిలో నుండవలెను, వ్రాసినవాడు ఎవరికి జవాబు చెప్పవలెను అను విషయమున మన శాసనసభ చేసిన ప్రయత్నమును ఇపుడు స్మరింతము.

అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో తాలూకా కచేరీలుండెను. అవి ఊరికి దూరమైనను, సర్కారు మాత్రము దూరము కాదు. మునసబు శిస్తు వసూలు చేసెడివాడు, చిన్న తగవులు తీర్చెడివాడు. కరణము అడంగలు వ్రాసెడివాడు. తలారి, వెట్టి వారికి తోడు. ఏటేట జమాబందీలో లెక్కలు సరిచూచెడివారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీటి వెంట నీటితీరువయు వచ్చెను. కరణము కలమునకు బలము హెచ్చెను.

ఈ పదవులు వంశపారంపర్యములు. 1895 నాటి మద్రాసు చట్టము ఆ హక్కును స్థిరపరచెను. దీనిలో గుణము లేకపోలేదు. తాతనాటి గట్టు ఎక్కడ నుండెనో, ఏ లంక ఏ వరదకు కోతపడెనో కరణమునకు కంఠస్థము. కాని లెక్క అతని యింటి పెట్టెలో నుండెను. తన చేను పేరిట ఏమి వ్రాయబడినదో తెలిసికొనగోరు రైతు ఆ యింటి అరుగు కడ నిలువవలసినదే. పదవి కొన్ని కుటుంబములకే పరిమితమగుటచే, చేను దున్నినవాని బిడ్డ ఎంత చదివినను ఆ కలము పట్టు అవకాశము లేకుండెను.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము ఈ ఏర్పాటును ప్రశ్నించెను. గుంటూరు జిల్లాలోని ఒక మునసబు పదవిని గురించి వచ్చిన గాజుల దశరథరామారావు వ్యాజ్యములో, 1960 డిసెంబరున సుప్రీంకోర్టు, వంశమును బట్టి ప్రభుత్వోద్యోగ మొసగుట చెల్లదని తీర్పు చెప్పెను. వారసత్వపు హక్కు పోయెను గాని పదవులు నిలిచెను.

1984 జనవరి 6న నందమూరి తారకరామారావు ప్రభుత్వము ఒక ఆర్డినెన్సుతో ఆ పదవులనే రద్దుచేసెను. పాత ఏర్పాటు ఆధునిక గ్రామపాలనకు సరిపోదనుట కారణము. ఇచట మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. పాలనను ప్రజలకు జవాబుదారీ చేయ నుద్దేశించిన ఈ మార్పు, ప్రజాప్రతినిధుల చర్చకు ముందే అమలయ్యెను. ఆర్డినెన్సు వెంట ఆర్డినెన్సు వచ్చెను. 1985లో గాని చట్టము కాలేదు. ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు రద్దును సమర్థించెను. చిత్తశుద్ధితో పనిచేసిన కరణములును, మునసబులును కలరు. వారి యిండ్లలోను ఆనాడు ఒక్కసారిగా జీతమును, మర్యాదయు పోయెను.

1985 మే నెలలో తాలూకాలును పోయి, రాష్ట్రమంతట సుమారు 1,100 మండలము లేర్పడెను. అల్లవరము వాసి అమలాపురమునకు, సఖినేటిపల్లి వాసి రాజోలునకు ప్రతి పనికిని పోవలసిన అవసరము తగ్గెను. కచేరి దగ్గరయ్యెను. కాని ఊరి లెక్క వ్రాయువాడు లేక జరుగునా? గ్రామ రెవెన్యూ అధికారి వచ్చెను. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమయ్యెను. తెలంగాణము 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దుచేసి, 2025లో గ్రామ పాలనాధికారులను నియమించెను. పదవిని తొలగించుట ఒక్క సంతకముతో అగును. పనిని తొలగించుట ఎవరి తరమును కాదు.

కావున సంస్కరణకు గీటురాయి పదవుల సంఖ్య కాదు, పుస్తకము ఎవరి యెదుట తెరువబడుచున్నదనునదే. 2005 నాటి సమాచార హక్కు చట్టము రైతునకు అడుగు అధికార మిచ్చెను. 2015లో వచ్చిన మీభూమి ద్వారా అడంగలు ఇంటినుండియే చూడ వీలయ్యెను. అయినను తెరమీది లెక్కలో తప్పు పడినచో, దానిని దిద్దువాడు ఎవడో, ఎన్నాళ్ళలో దిద్దునో రైతునకు తెలియవలెను. అది తెలియనినాడు, అరుగు మారినదే గాని నిలువబడుట మారలేదని లంకరైతు అనుకొనినచో, అతనిని తప్పుపట్టలేము.