పర్యావరణ ముప్పు: ప్రజలకు ఎప్పుడు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ తేల్చింది. నిజానికి సైరన్ చివరి నిమిషం సంగతి. పక్కనున్న ట్యాంకులో ఏముంది, లీకైతే ఎటు పరుగెత్తాలి అన్నది ఏళ్ల ముందే ఊరికి తెలిసి ఉండాలి.

చట్టం అడిగేది కూడా అదే. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్, ప్రమాదకర పరిశ్రమ తన ముప్పు వివరాలను కార్మికులతో పాటు చుట్టుపక్కల ప్రజలకూ వెల్లడించాలని ఆదేశించింది. ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 15వ నిబంధన అంటోంది.

పరిశ్రమ గానీ గని గానీ రాకముందు ప్రజల మాట వినడానికి ఉన్న దారి ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ దీనికి ఆధారం. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సభ ఏర్పాటు చేస్తుంది. కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కోరం అక్కర్లేదు, పది మంది వచ్చినా సభ జరిగినట్టే. అన్ని ప్రాజెక్టులకూ ఈ సభ ఉండదు. పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామికవాడల్లో పెట్టే యూనిట్లకు మినహాయింపు ఉంది. రసాయన పరిశ్రమలు గుంపుగా ఉండేది అలాంటి చోట్లే కదా!

అసలు చిక్కు భాషతో వస్తుంది. స్థానిక భాషలో తప్పనిసరిగా ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే, అదీ గరిష్ఠంగా పది పేజీలు. వందల పేజీల పూర్తి నివేదిక సాధారణంగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ప్రాజెక్టు వివరాలు, ప్రభావాలు, నివారణ చర్యలు, ప్రయోజనాలు అన్నీ ఆ పది పేజీల్లోనే ఇమడాలి. ముప్పు అంచనాకు అందులో మిగిలే చోటు ఎంత? దాంతో సభలో మాట ఉద్యోగాలు, పరిహారం చుట్టూ తిరుగుతుంది. అది ప్రజల అవగాహన లోపమని అధికారులు అనుకుంటే పొరపాటు. చేతికి ఇచ్చిన కాగితంలో ఉన్నదాని గురించే ఎవరైనా అడగగలరు.

2020లో ఇదే నోటిఫికేషన్ స్థానంలో కేంద్రం తెచ్చిన ముసాయిదా, సభకు ముందు గడువును 20 రోజులకు కుదించాలని ప్రతిపాదించింది. ఆ ముసాయిదాను ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం దానిపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. అభిప్రాయం చెప్పమని అడుగుతూ, చదివే భాషలో ఇవ్వడానికి అభ్యంతరం దేనికన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

ఈ సభ ఓటింగ్ కాదు. ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాక ప్రాజెక్టు ఆగింది. అయితే ఆ బలం ఈఐఏ సభది కాదు, అటవీ హక్కుల చట్టానిది. సుప్రీంకోర్టు తీర్పుతో ఆ గ్రామసభలు జరిగాయి.

అలాగని ఈఐఏ సభలో చెప్పిన మాట వృథా కాదు. అభ్యంతరాలను నిపుణుల కమిటీ ఎలా పరిశీలించిందో కారణాలతో చెప్పాలని 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి అభ్యంతరం రికార్డులోకి ఎక్కడం ముఖ్యం. సభ చివర మినిట్స్‌ను స్థానిక భాషలో వివరిస్తూ చదివి వినిపించాలి, సభ మొత్తాన్నీ వీడియో తీయాలి. చాలామంది మాట్లాడాక వెళ్లిపోతారు, మినిట్స్ చదివేదాకా ఉండటం మేలు. ప్రాజెక్టుతో సంబంధం ఉండి సభకు రాలేనివారు లిఖితపూర్వకంగా పంపవచ్చు. అనుమతి వచ్చాక 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ అనుమతించవచ్చు, ఆ తర్వాత వీలుండదు.