నీ ర్యాంకెంత?



ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజు పక్క కుర్చీలో అబ్బాయి నా పేరు అడగలేదు. "నీ ర్యాంకెంత?" అన్నాడు. చెప్పాను. "ఓ, కోటానా" అని తల తిప్పుకున్నాడు. ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. అందుకే ఇవాళ ఆ అంకె చరిత్ర చెప్పుకుందాం.

అమెరికాలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కొలంబియా లాంటి ఎనిమిది యూనివర్సిటీలను ఐవీ లీగ్ అంటారు. అక్కడ 'అకడమిక్ ఇండెక్స్' అని ఒక లెక్క ఉంది. హైస్కూల్ మార్కులూ, శాట్ లాంటి పరీక్షల స్కోరూ కలిపి విద్యార్థిని ఒక్క అంకెగా మారుస్తారు. ఎంసెట్ మార్కులకు ఇంటర్ వెయిటేజీ కలిపేవాళ్ళు కదా, అలాంటిదే.

శాట్ 1926లో మొదలైంది. దాన్ని తయారుచేసిన కార్ల్ బ్రిగమ్ ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. ఉత్తర యూరప్ తెల్లవాళ్ళు తెలివిలో పైన, నల్లవాళ్ళు కింద అని 1923లో పుస్తకం రాశాడు. 1930లో తన వాదనకు ఆధారం లేదని తనే ఒప్పుకున్నాడు. వాదన పోయింది, పరీక్ష ఉండిపోయింది.

ఇండెక్స్ 1980లలో వచ్చింది, ఆటల కోసం చేర్చుకునే పిల్లల కోసం. వాళ్ళ స్కోరు మిగతావాళ్ళ సగటుకు మరీ దూరంగా ఉండకూడదన్నారు. అంటే కొంత తక్కువైనా పరవాలేదని రాసుకున్నట్టే. ఆ ఆటల్లో పడవ పందేలు, స్క్వాష్, కత్తిసాము కూడా ఉన్నాయి. ఏ వాడ పిల్లలు ఆడతారు అవి?

హార్వర్డ్ కేసులో బయటికొచ్చిన లెక్కలను ఆర్థికవేత్తలు పరిశీలించారు. సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, సిబ్బంది పిల్లలు, దాతలతో సంబంధమున్నవాళ్ళేనని తేలింది. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు జాతిని చూసి సీటివ్వొద్దంది. తండ్రి చదివిన కాలేజీని చూసి ఇచ్చే సీట్లను మాత్రం ముట్టుకోలేదు.

1907 మెట్రిక్‌లో బాబాసాహెబ్‌కు వచ్చినవి 750కి 282 మార్కులు. బడిలో అందరికీ దూరంగా గోనెపట్టా మీద కూర్చోబెట్టిన పిల్లవాడి మార్కులవి. 1913లో బరోడా స్కాలర్‌షిప్‌తో ఆయన వెళ్ళింది ఇదే కొలంబియాకు. ఆ 282 చూసి ఎవరో గేటు మూసేసి ఉంటే?

మార్కులు వద్దనడం లేదు. చదవండి, బాగా రాయండి. కానీ ఈసారి ఎవరైనా "నీ ర్యాంకెంత?" అంటే తల దించుకోకుండా చెప్పండి. చెప్పాక మీరూ అడగండి: "మీ తాత ఎంతవరకు చదివాడు?"

జై భీమ్.