మన వై-ఫై డబ్బా సెట్టింగ్స్ పేజీ వెనుక 20 ఏళ్ల కథ

నేను మీ మందమర్రి పోరన్ని. ఈమధ్య చాలామంది ఒకటే అడుగుతున్నరు: "అన్నా, రౌటర్‌కు సొంతంగా చిన్న సెట్టింగ్స్ పేజీ చేసుకోవాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలె?" జవాబు చెప్తా. ముందు నేను చేసిన తప్పు చెప్తా, తర్వాత చరిత్ర.

మాది సింగరేణి క్వార్టర్. బాపు కేకే-5 గనిలో పనిచేసిండు. నేనేమో హైదరాబాద్‌లో ఉంటా. ఇంట్లో పాత రౌటర్ ఉంటే అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన. అమ్మకు ఇంగ్లిష్ మెనూలు రావు. అందుకే తెలుగులో ఒక పేజీ అనుకున్న: వై-ఫై పేరు, పాస్‌వర్డ్, ఒక బటన్. అంతే.

నాకు వచ్చింది పైథాన్, కాబట్టి పైథాన్ అనుకున్న. రౌటర్‌లో స్టోరేజ్ మొత్తం కలిపి 8 ఎంబీ. పైథాన్ అందులో పట్టనే పట్టలేదు. సరేనని షెల్ స్క్రిప్ట్ రాసిన. ఒక్క సాయంత్రంలో పని అయిపోయింది. పండగే అనుకున్న.

మూడు వారాల తర్వాత, చెల్లె ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. ఆరోజే అమ్మ పాస్‌వర్డ్ మార్చింది, ఆరు అక్షరాలతో. వై-ఫై పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలి. నా పేజీ అది చూడకుండానే రాసేసింది. వై-ఫై మాయం. వై-ఫై లేకపోతే పేజీ తెరవరాదు, పేజీ తెరవకపోతే పాస్‌వర్డ్ మార్చరాదు. మా క్వార్టర్‌లో మొబైల్ సిగ్నల్ ఒక్క గీత. చెల్లె పరుగున ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, ఏడుపు ముఖంతో ఆప్షన్లు పెట్టుకుని వచ్చింది. నేను హైదరాబాద్‌లో కూచుని ఫోన్‌లో సారీ చెప్పుడు తప్ప ఏం చేయలేకపోయిన.

ఇప్పుడు చరిత్రకు వద్దాం.

2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. దాని లోపల నడిచేది లైనక్స్ అని 2003లో బయటపడింది. లైనక్స్ లైసెన్స్ షరతు ప్రకారం, దాన్ని వాడి సరుకు అమ్మేవాళ్లు ఆ సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఒత్తిడి పెరిగాక కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్ ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరులో 'డబ్ల్యూఆర్‌టీ' ఆ రౌటర్ నుంచి వచ్చిందే.

ఆ రౌటర్లలో చాలావాటికి స్టోరేజ్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. మీ ఫోన్‌లో ఒక్క ఫొటో అంత ఉంటుంది! అందుకే మొదటి సెట్టింగ్స్ పేజీలు షెల్ స్క్రిప్ట్‌లతోనే నడిచాయి. 2007లో వచ్చిన కమికాజె వెర్షన్ సెట్టింగ్స్ అన్నింటినీ ఒకే పద్ధతిలో రాసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లలోకి తెచ్చింది. ఆ పద్ధతి పేరు యూసీఐ. దాంతో పేజీ పని తేలికైంది: ఫైల్ చదువు, చూపించు, మార్చు.

2008లో లూసీ వచ్చింది. దాన్ని రాయడానికి లువా భాషను ఎంచుకున్నరు. లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఒక యూనివర్సిటీలో పుట్టింది. పేరున్న భాష అని కాదు, చిన్న డబ్బాలో ఇముడుతుందని ఎంచుకున్నరు. 2020 జనవరిలో విడుదలైన 19.07 వెర్షన్‌తో ఇంకో మార్పు: పేజీని గీసే పని రౌటర్ మానేసి ఫోన్ బ్రౌజర్‌కు అప్పజెప్పింది. డబ్బా డేటా మాత్రమే ఇస్తది, మిగతాది మీ ఫోన్ చేస్తది. 2023లో వచ్చిన 23.05 నాటికి రౌటర్ వైపు లువా కోడ్ కూడా చాలావరకు పోయి, జావాస్క్రిప్ట్‌లాగే ఉండే యూకోడ్ వచ్చింది.

చూశారా, ప్రతిసారీ పనిముట్టు మారింది, లెక్క మాత్రం ఒకటే: డబ్బా ఎంత మోయగలదు?

కానీ నా తప్పుకు కారణం ఆ లెక్క కాదు. అది చెప్పింది బాపు. కంప్యూటర్ ముఖం చూడని మనిషి, కథంతా విని ఒకటే అడిగిండు: "పోయే తొవ్వ చేసినవ్ సరే, మర్లచ్చే తొవ్వ ఏదిరా?"

బాపు ఊరికే అనలేదు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, భూగర్భ గనిలో మనుషులు పనిచేయాలంటే పైకి రావడానికి కనీసం రెండు దారులుండాలి. ఒకటి మూసుకుపోతే రెండోదాంట్ల నుంచి బయటపడాలి.

తీరా చూస్తే, ఆ రెండో తొవ్వ లూసీలో 2018 నాటి 18.06 వెర్షన్ నుంచే ఉంది! మీరు సెట్టింగ్ మార్చినంక పేజీ మళ్లీ రౌటర్‌ను అందుకోవాలి. ఇప్పుడు మామూలుగా 90 సెకన్లు ఆగుతుంది. అంతలో అందుకోకపోతే పాత సెట్టింగ్ దానంతటదే తిరిగొస్తది. నేను రాసిన స్క్రిప్ట్ అదేమీ పట్టించుకోకుండా నేరుగా ఫైల్ మార్చేసింది.

అందుకే మళ్లీ రాసిన. రౌటర్‌లో ముందే ఉండే చిన్న వెబ్ సర్వర్, సాదా హెచ్‌టీఎంఎల్, కొంచెం జావాస్క్రిప్ట్. సెట్టింగ్ మార్చే పని లూసీ వాడే ఆ వెనక్కొచ్చే పద్ధతికే అప్పజెప్పిన. అమ్మ ఫోన్ కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలవాలి కదా, అందుకని టైమ్ కొంచెం పెంచిన. పాస్‌వర్డ్ పొడవు చూసే లైన్ ఒకటి. ఇంకో జాగ్రత్త: పేజీలో టైప్ చేసింది ఎప్పుడూ నేరుగా షెల్ కమాండ్‌లో పెట్టొద్దు. అందులో ఒక్క సెమీకోలన్ చాలు, ఎవడో రాసిన కమాండ్ మీ రౌటర్‌లో నడుస్తది.

2024 డిసెంబర్‌లో మన పక్క పెద్దపల్లి జిల్లా అడవిశ్రీరాంపూర్‌లో టీ-ఫైబర్ పైలట్‌గా మొదలైంది. ఇట్లాంటి డబ్బాలు ఊరూరా వస్తున్నయ్. వాటి పేజీలు మన అమ్మలకు అర్థమయ్యేటట్టు మనమే చేసుకోవచ్చు. ఏ లాంగ్వేజ్ అంటారా? డబ్బాలో పట్టేది, మీకు వచ్చేది. కానీ కోడ్ మొదలుపెట్టే ముందు బాపు అడిగిన ప్రశ్నకు జవాబు రాసుకోండి.

చెల్లెకు సీటు వచ్చింది. నా మీద కోపం మాత్రం ఇంకా తగ్గలే. మళ్లీ కలుద్దాం.