కిక్రి ఎవరి కథ పాడుతుంది

1972లో వచ్చిన ఫ్లీట్‌వుడ్ మాక్ రికార్డు 'బేర్ ట్రీస్' నాకు ఇప్పటికీ ఇష్టం. మిసిసిపీ పత్తి చేలల్లో నల్లజాతి కూలీలు పాడుకున్న బ్లూస్‌ను పట్టుకుని 1967లో లండన్‌లో మొదలైన బృందం అది. ఐదేళ్లకు తమ దిగులు తాము పాడుకునేదాకా వచ్చారు. ఎవరి దుఃఖం ఎవరు పాడొచ్చన్న తగువు బ్లూస్‌లో ఇంకా తెగలేదు. మా దిక్కు ఆ లెక్క ఏనాడో తేల్చారు: పక్కవాడి కథ పాడటమే ఒకరి వృత్తి, పాడించుకున్నవాడు గింజలు కొలవాలి.

మేం సిరిసిల్ల పద్మశాలీలం. మా మార్కండేయ పురాణం చెప్పేది మేం కాదు, కూనపులి వాళ్లు. నకాషీ చిత్రకారులు రాసిన పటం విప్పి, బొమ్మ బొమ్మకూ కథ చెప్తారు. గౌడులకు, ముదిరాజులకు, మాదిగలకు కూడా ఇట్లాగే కథకులున్నారు. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోతే ఈ పని ప్రధాన్లది.

రాజ్‌గోండుల వంశదేవత పెర్సాపేన్ కొలుపుల్లో, చావు కర్మల్లో ప్రధాన్ మూడు తీగల కిక్రిని కమానుతో వాయిస్తాడు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి. గుహలో చిక్కిన దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించడం, గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే గోత్ర సమూహాలుగా, విడిపోవడం అంతా అతని నోట్లోనే ఉంటుంది. కచార్‌గఢ్ కథలో ఆ గుహ బండ కింద నలిగి చనిపోయింది వాద్యకారుడు హీరాసుక. బయటపడ్డది యజమానులు, నలిగింది పాటగాడు! ఈ వృత్తి సంగతి ఆ కథ కట్టినవాళ్లకు బాగా తెలుసు.

ఆదిలాబాద్ మార్లవాయిలో మకాం పెట్టిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో ఈ కథలు రాసుకుని 1948లో పుస్తకం వేశాడు. 1970లలో మళ్లీ వచ్చేసరికి గోండుల భూములెన్నో వలసవచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు చెందకూడదని 1970లో చట్టం బిగించినా ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులదాకా పోయింది. గోండుకు చెలకే లేకపోతే ప్రధాన్‌కు జొన్నలు ఎక్కణ్నుంచి వస్తాయి? మా సిరిసిల్లలోనూ అంతే. సాంచాల (మరమగ్గాల) మీద కూలికి నేసేవాడు కూనపులికి ఏం మిరాశి ఇస్తాడు?

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థుల వెంట వాళ్ల ప్రధాన్లు ఇప్పటికీ ఉంటారు. వేదికలెక్కించి కప్పే శాలువాల కంటే నాకు ఆ ఏర్పాటే నచ్చుతుంది. అక్కడ ప్రధాన్‌కు అడిగి తీసుకునే హక్కుంది.